చల్లదనంలో ఎవరి వాటా ఎంత?

ఎండలు ముదిరాయంటే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా మా ముందుకు వస్తుంది. “ఇంట్లో ఏసీ పెట్టించుకోవడం దుబారా కాదా? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అరేబియా ఎండలను ఓర్చుకున్నారు కదా, మనం ఓర్చుకోలేమా?” అని. అడిగేవారి మనసులో దైవభీతి ఉంది, కాదనం. కానీ ఎండను భరించడమే ఒక ఆరాధన అన్న భావన కూడా ఆ ప్రశ్నలో దాగి ఉంది. ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఒకసారి ప్రవక్త (స) ప్రసంగిస్తుండగా ఒక వ్యక్తి ఎండలో నిలబడి కనిపించాడు. విచారిస్తే ఆయన పేరు అబూ ఇస్రాయీల్ అని చెప్పారు. కూర్చోనని, నీడకు పోనని, ఎవరితోనూ మాట్లాడనని, ఉపవాసం ఉంటానని ఆయన మొక్కుకున్నాడట. మాట్లాడమని, నీడలోకి వెళ్లమని, కూర్చోమని, ఉపవాసం మాత్రం పూర్తి చేయమని ప్రవక్త (స) ఆయనకు చెప్పించారు. సహీహ్ బుఖారీలో ఉన్న సంఘటన ఇది. ఆ మొక్కుబడిలో నిలిచింది ఉపవాసం ఒక్కటే. ఎండలో నిలబడటం నిలవలేదు.

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహ్ర్ నమాజును కాస్త చల్లబడ్డాక చేయమన్నది కూడా ఆయన బోధనే. దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా 81వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ నీడను, వేడి నుంచి కాపాడే దుస్తులను కూడా పేర్కొన్నాడు. కాబట్టి వేడి నుంచి ఉపశమనం కోరుకోవడం ఈమాన్ బలహీనత కాదు. ఎండను సాకుగా చూపి విధిని ఎగ్గొట్టడం మాత్రం వేరే సంగతి. తబూక్ ప్రయాణ సమయంలో కపటులు చేసింది అదే. తౌబా సూరా వారిని తీవ్రంగా మందలించింది. ఏసీ గదిలో ఫజ్ర్ అజాన్ వినిపించకుండా నిద్రపోయేవారు తమ సంగతి ఏమిటో తామే ఆలోచించుకోవాలి.

ఫుఖహా మనిషి అవసరాలను జరూరత్, హాజత్, తహ్సీన్ అని విభజించారు. అంటే ప్రాణావసరం, ఇబ్బందిని తొలగించేది, సొగసు. ఏసీ వీటిలో ఏ కోవకు వస్తుందన్నది ఇంటిని బట్టి ఉంటుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువ. రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల ఇంట్లో గుండెజబ్బుతో మంచం పట్టిన తల్లి ఉందనుకుందాం. స్తోమత ఉన్న కొడుకు ఆమె గదికి ఏసీ పెట్టిస్తే దాన్ని దుబారా అనడానికి మాకు నోరు రాదు. మనిషి లేని హాలులో, అతిథులు చూడాలని నడిచే ఏసీ మాత్రం దుబారాయే.

మా దృష్టిలో అసలు ప్రశ్న వేరే ఉంది. మన ఇళ్లలో ఏసీ ఏ గదిలో ఉంటుంది? సాధారణంగా కొత్త దంపతుల గదిలో. అమ్మీ, అబ్బా హాలులో ఫ్యాను కింద పడుకుంటారు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను విసిరేది వేడి గాలినే. అంతకంటే బాధాకరమైన విషయం, ఆ ఏసీ చాలాచోట్ల జహేజ్‌లో వచ్చింది. పెళ్లికూతురి తండ్రి అప్పు చేసి కొన్నాడు. అడిగి పుచ్చుకున్న ఆ వస్తువు గదిని చల్లబరుస్తుంటే, ఎక్కడో ఆ తండ్రి వాయిదాలు కట్టుకుంటూ ఉంటాడు. దుబారా గురించి మమ్మల్ని అడిగినవారిలో ఒక్కరూ దీని గురించి అడగలేదు!

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్ చేరినప్పటి సంగతి ఖసస్ సూరాలో ఉంది. ప్రాణభయంతో ఈజిప్టు వదిలి వచ్చిన పరదేశి ఆయన. నీటి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ పశువులతో వేచి ఉండటం చూసి, ముందు వారి పశువులకు నీళ్లు తోడి పెట్టారు. ఆ తర్వాతే నీడకు చేరారు. ఆయన నీడను వదులుకోలేదు, మొదట దాని దగ్గరికి పోలేదు, అంతే.

ఇంట్లో ఒక్క ఏసీయే ఉంటే రోహిణి కార్తెలో ఆ రెండు వారాలైనా పెద్దవాళ్లు, స్త్రీలు, పిల్లలు ఆ గదిలో పరుపులు పరుచుకోవచ్చు. మగవాళ్లు వరండాలో కూలరు ముందు పడుకుంటే పరదాకూ ఇబ్బంది ఉండదు. గుంటూరు, మచిలీపట్నం వైపు ఉక్కపోతకు కూలరు అంతగా పనిచేయదన్నది నిజమే, అక్కడి మగవాళ్లు కాస్త ఎక్కువ ఓర్చుకోవాలి. మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడేవారి కోసం వంట పొద్దున్నే ముగించే ఏర్పాటు చేయాలి. మిద్దెకు సున్నం కొట్టిస్తే కింద గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ఈ పనులు చేశాక కూడా అవసరమైతే ఏసీ కొనవచ్చు.

కొనే పద్ధతి హలాల్‌గా ఉండాలి. ధర ఒక్కటే ఖరారు చేసుకుని వాయిదాల్లో కట్టడం వేరు, వడ్డీకి అప్పు తీసుకోవడం వేరు. “వడ్డీ లేదు” అని ప్రకటించినా ఒప్పందం చదవందే సంతకం చేయకూడదు. మీటరు తప్పించి వాడుకునే కరెంటు దొంగతనమే, అది ఎంత వేసవి అయినా సరే. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నాయి. దాన్ని 18కి దించి, దుప్పటి కప్పుకోవడం ఎందుకో మాకు అర్థం కాదు.

మరొక మాట. ఏసీ గదిలోని వేడిని తోడి, తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా కలిపి బయట పారబోస్తుంది. ఇరుకు బస్తీల్లో బయట అంటే పక్కింటి కిటికీయే. ఎవరికీ హాని కలిగించరాదన్న ధర్మసూత్రం ఇక్కడా వర్తిస్తుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ తనకు సులువైన గోడనే చూపిస్తాడు. పైపు పొడిగించి పెట్టెను మిద్దె మీదికి ఎక్కించడానికి అదనంగా ఖర్చవుతుంది. ఆ ఖర్చును ఏసీ ధరలోనే కలిపి లెక్క వేసుకోవాలి. అది సాధ్యం కాకపోతే, గోడకు రంధ్రం పెట్టకముందే పక్కింటి తలుపు తట్టి, రాత్రి వాళ్లు ఏ కిటికీ పక్కన పడుకుంటారో అడగాలి.