జ్వరమని రాయమంటే?

పనిలో ఒత్తిడికి నలిగిపోయిన మనిషి డాక్టరుగారి దగ్గర ఆ మాట ముందుగా చెప్పడు. నిద్ర పట్టడం లేదంటాడు, గుండె దడగా ఉందంటాడు. అసలు సంగతి బయటపడ్డాక కూడా, "సర్టిఫికెట్టులో జ్వరమని రాయండి సార్" అని బతిమాలుకుంటాడు. పిచ్చివాడన్న ముద్ర పడుతుందని భయం, కూతురి సంబంధం చెడుతుందని భయం. మరి జాలిగల డాక్టరు అలాగే రాయవచ్చా?

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తుంది. అయితే రహస్యం దాచడం వేరు, అబద్ధమాడడం వేరు. రోగి గుట్టు కాపాడడం వైద్యుని ధర్మం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని రోగి హక్కుగా కూడా గుర్తించింది. గుట్టు కాపాడడానికి లేని జ్వరాన్ని పుట్టించనక్కరలేదు.

పైగా ఆ అబద్ధం మొదట నష్టపరిచేది రోగినే. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గాలి కదా! ఐదవ రోజున అదే రాత్రి డ్యూటీ, అదే పనిభారం. సంగతి తెలియని అధికారి దేన్ని సవరిస్తాడు?

గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్న సంగతి మనకు తెలిసిందే. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఆ పథకంలో, చందా షరతులు నెరవేరిన కార్మికునికి, డాక్టరు ధ్రువీకరించిన జబ్బు రోజులకు జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు భత్యం అందుతుంది. ఇది దానం కాదు, హక్కు. పేరు నమోదుకాని దినకూలీకి మాత్రం సెలవంటే పస్తే. అందుకే పెళ్లి ప్రయాణానికో, వరినాట్లకో సర్టిఫికెట్టు కొనుక్కునేవారు ఒక మాట ఆలోచించాలి. వారి వల్ల నిజమైన రోగి కాగితాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

సెలవు ఒక్కటే మందు కాదు. ఇంట్లో ఊరికే కూర్చున్నకొద్దీ తిరిగి గడప దాటడానికి భయం పెరగవచ్చు. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుండి డాక్టర్లు "పని చేయలేడు" అనే కాక, "ఈ మార్పులు చేస్తే చేయగలడు" అని కూడా రాయవచ్చు. తక్కువ గంటలతో మొదలుపెట్టి క్రమంగా పెంచడం, బాధ్యతలు మార్చడం అలాంటివి. మన డాక్టర్లు కూడా సెలవు ముగియక ముందే రోగిని పిలిచి మాట్లాడవచ్చు. అతని అనుమతితో, "రెండు వారాలు రాత్రి డ్యూటీ వద్దు" అని రాసి ఇవ్వవచ్చు.

అయితే రోగి చేత అబద్ధం అడిగించేది డాక్టరు కాదు, మనమే. మనసుకు జబ్బు చేసిందంటే మనం నవ్వకుండా వినగలిగిన రోజున, జ్వరమని రాయమని ఎవరూ బతిమాలుకోరు.