పుల్లరి కట్టని ఊరు

ధైర్యం ఒక్కడిదా, ఊరందరిదా? మా తండా పిల్లలు కన్నెగంటి హనుమంతు పేరెత్తితే మేము ఇదే అడుగుతాం. అడవిలో గొడ్లు మేస్తే కట్టాల్సిన పన్ను పుల్లరి. 1921లో పల్నాటి జనం అది కట్టకుండానే గొడ్లను అడవికి తోలారు. వచ్చిన అధికార్లకు తిండీ నీళ్లూ పుట్టనివ్వలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో హనుమంతు పోలీసు తూటాలకు పడిపోయాడు. ఆయన విగ్రహానికి దండలేస్తాం, మంచిదే. కానీ గొడ్లు కాసిన వాళ్లం కదా, మాకు ఇంకొకటి తోస్తుంది. గొడ్డుకు సత్యాగ్రహం తెలీదు, పొద్దున్నే మేత కావాలి. కాల్పుల మర్నాడు కూడా ఎవరో ఒకరు పలుపు విప్పి, భయపడుతూనే అడవి దారి పట్టి ఉంటారు. వాళ్ల పేర్లు మన పాఠాల్లో లేవు. నాయకుడు లేని ఆ పొద్దున వాళ్లను నడిపించిందేమిటి? అందుకే ఈ పాఠం చెప్పేముందు, గొడ్లు కాసిన తాతల్ని అడిగి రమ్మని పిల్లల్ని ఇంటికి పంపుతున్నాం.