సిద్ధాంతం సంఖ్య, సందర్భాల లెక్క

గణిత గ్రంథంలో ఒక సిద్ధాంతం ముందు 3.4 అని ఉంటే, ఆ సంఖ్య ఆ సత్యానికి చెందినదా, దాన్ని ఉంచిన చోటుకు చెందినదా? డొనాల్డ్ కనూత్ రూపొందించిన టెక్ మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ అనే గ్రంథాల కూర్పు వ్యవస్థ ఈ ప్రశ్నకు ఒక జవాబును ఆచరణలో పెట్టింది. రచయిత సిద్ధాంతానికి సంఖ్య వేయడు, ఒక లేబుల్ తగిలిస్తాడు. సంఖ్య వేసే పని కౌంటర్‌ది. మధ్యలో కొత్త లెమ్మా (సహాయక సిద్ధాంతం) చేరితే, ఆ విభాగంలో అదే కౌంటర్ మీద నడిచే తరవాతివన్నీ ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి, వాటిని ప్రస్తావించిన చోట్లా ఆ మార్పు తనంతట తానే చేరుతుంది. మొదటిసారి నడిపినప్పుడు సంఖ్యలు ఒక సహాయక ఫైల్లోకి ఎక్కుతాయి, ప్రస్తావన చోట రెండు ప్రశ్నార్థకాలు మాత్రమే కనిపిస్తాయి. రెండోసారి నడిపితే సంఖ్య పడుతుంది. సంఖ్య మారినా లేబుల్ మారదు.

మన శాస్త్రాల్లో ఇదే చిక్కు బ్రహ్మసూత్రాల దగ్గర వస్తుంది. అధ్యాయాలు నాలుగు, ఒక్కో అధ్యాయానికి పాదాలు నాలుగు అన్నదాకా అందరిదీ ఒకే మాట. సూత్రాలు మాత్రం శంకరుల పాఠంలో 555, రామానుజుల పాఠంలో 545. ఈక్షత్యధికరణం అనే చర్చాభాగంలో రామానుజుల శ్రీభాష్యం ఒక సూత్రాన్ని అదనంగా చదువుతుంది. దాంతో శంకరభాష్యంలో 1.1.12గా ఉన్న ఆనందమయ సూత్రం అక్కడ 1.1.13 అవుతుంది. అంకెను నమ్ముకుని వాదానికి దిగిన అద్వైతి, విశిష్టాద్వైతి వేరువేరు సూత్రాల మీద వాదించుకుంటారు. ఆనందమయాధికరణం అంటే మాత్రం ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. పండితులు అధికరణాన్ని దాని తొలి మాటతో పిలిచే పద్ధతి లేబుల్ చేసే పనే చేస్తుంది.

ఇలాంటిదే మరో నిదర్శనం ఋగ్వేదం. ఆ వేదానికి విభజనలు రెండు. మండలం, సూక్తం, ఋక్కు అనే లెక్కలో గాయత్రి 3.62.10. ఎనిమిది అష్టకాలు, అష్టకానికి ఎనిమిది అధ్యాయాలు, వాటిలో వర్గాలు అనే లెక్కలో దానికి మరో సంఖ్య వస్తుంది. రెండు నుంచి ఏడు వరకు మండలాలు ఋషికుటుంబాలను అనుసరిస్తాయి. అష్టకాలు అధ్యయనానికి ఇంచుమించు సమానంగా పంచిన భాగాలు. ఏ లెక్కలో చదివినా మంత్రం ఒక్కటే.

అలాగని వరుస అర్థం లేనిదని కాదు. వేదాంతంలో అధికరణానికి చెప్పే ఐదు అంగాల్లో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతంతో పాటు సంగతి కూడా ఉంది. ఫలానా దాని తరవాత ఇదే ఎందుకు రావాలో సంగతి చెబుతుంది. గణితంలోనూ లెమ్మా సిద్ధాంతానికి ముందు రావడానికి కారణం ఉంటుంది. వరుసకు కారణం తర్కంలో ఉంది, అంకె దానికి గుర్తు మాత్రమే.

ఉపపత్తిలో (నిరూపణలో) ఒక్కొక్కటిగా పరిశీలించే సందర్భాల తీరు వేరు. లేటెక్‌లో వాటికి సిద్ధంగా ఉన్న ఏర్పాటు లేదు. రచయిత వాటిని సిద్ధాంతాల్లాగే ప్రకటిస్తే, మొదటి ఉపపత్తి మూడో సందర్భంతో ముగిశాక రెండో ఉపపత్తి నాలుగుతో మొదలవుతుంది. ప్రతి ఉపపత్తికీ కౌంటర్‌ను మళ్లీ సున్నాకు తేవాలి. సందర్భం సంఖ్య ఆ ఒక్క ఉపపత్తి లోపలే చెల్లుతుంది.

అయినా ఆ చిన్న అంకె మీద పెద్ద భారం ఉంది. సంప్రదాయం శ్రీపర్వతంతో ముడిపెట్టిన నాగార్జునుడు మూలమధ్యమకకారికల తొలి ప్రకరణంలో, భావాలు తమనుంచి పుట్టవు, ఇతరాలనుంచి పుట్టవు, రెండింటినుంచీ పుట్టవు, అకారణంగానూ పుట్టవు అంటాడు. వీటి వరుస మార్చినా వాదానికి లోటు లేదు. ఐదో పక్షం ఒకటి ఉందని ఎవరైనా చూపితే మాత్రం వాదం నిలవదు. చతుష్కోటి అన్న పేరులోనే నాలుగు ఉంది. అక్కడ నాలుగు అన్నది పక్షాలు ఎక్కడున్నాయో చూపే గుర్తు కాదు, ఇంకేమీ మిగల్లేదన్న ప్రతిజ్ఞ. లేటెక్ సందర్భాలను తప్పు లేకుండా లెక్కిస్తుంది. సందర్భాలన్నీ వచ్చాయని చూపవలసింది ఉపపత్తి రాసేవాడే.