ముసలి పిల్లికి మనం బాకీ ఉన్నామా?

ఆ మధ్య ఒక ఆదివారం పూజ ముగిసి గుడి తలుపులు వేయిస్తుండగా మా విచారణకు చెందిన ఒక రైతు వచ్చి, "ఫాదర్‌గారూ, పిల్లిని గోనెసంచిలో కట్టి చేపల మార్కెట్టు దగ్గర వదిలేస్తే పాపమా?" అని అడిగాడు. నవ్వులాటకు అడిగినట్టు లేదు. ధాన్యం బస్తాలకు కాపలాగా తెచ్చుకున్న ఆ పిల్లికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఎలుక కళ్ళముందు నుంచి పోయినా లేవదు. పైగా చాపలు తడిపేస్తోంది. "తిండి దండగండీ" అన్నాడు.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పల్లెల్లో అంటారు. అందుకే చాలామంది చంపరు. సంచిలో వేసి ఏరు దాటించి వస్తారు. తమ చేతికి ఏమీ అంటలేదనుకుంటారు. మీరే ఆలోచించండి. ఒకే వసారాలో పెరిగి, పళ్ళూడిపోయిన జంతువు వీధికుక్కల మధ్య ఎన్నాళ్ళు బ్రతుకుతుంది? చంపే పనిని కుక్కలకు అప్పగించాము, అంతే కదా!

అతనికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. సెమినరీలో చదివిన తత్వశాస్త్రం గుర్తు చేసుకున్నాను. పునీత అక్వినాసు తోమాసు 13వ శతాబ్దంలో చెప్పినదాని ప్రకారం, జంతువుకు సుఖదుఃఖాలు తెలిసే ప్రాణం ఉంది కాని బుద్ధిశక్తి గల ఆత్మ లేదు. అయినా దానిని హింసించరాదు. జంతువులపట్ల క్రూరంగా ఉన్నవాడు మనుషులపట్ల కూడా క్రూరుడవుతాడని ఆయన భావన. 18వ శతాబ్దంలో కాంట్ దాదాపు ఇదే దారిన నడిచాడు. యజమానికి ఏళ్ళతరబడి నమ్మకంగా సేవచేసిన కుక్క ముసలిదైతే, చచ్చేవరకు దానిని పోషించాలని నీతిశాస్త్ర పాఠాలలో విద్యార్థులకు బోధించాడు. అతని దృష్టిలోనూ ఆ బాధ్యత నిజానికి కుక్కకు కాదు, మానవజాతికి.

ఇంత పెద్దలను కాదనే సాహసం నాకు లేదు గాని, ఈ వాదన నాకు సగమే రుచిస్తుంది. అర్ధరాత్రి లేచి పిల్లిగిన్నెలో నీళ్ళు పోసేవాడు "నేను దయాగుణాన్ని అలవాటు చేసుకుంటున్నాను" అనుకోడు. దానికి దాహంగా ఉంది, అందుకే లేస్తాడు. కారణం పిల్లిలోనే ఉంది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా (2416వ పేరా) జంతువులపట్ల దయను మనం వాటికి చెల్లించవలసిన దానిగానే చెబుతుంది.

చెల్లించాలంటే బాకీ ఉండాలి. ఆ బాకీ ఎలా వచ్చింది? ఎలుకలు పట్టిన కూలి అందామా? అలాగైతే చేతకాని పిల్లికి మనమేమీ ఇవ్వనక్కర లేదు. నేననుకునేది వేరు. కళ్ళు తెరిచిన నాలుగు వారాలకు తల్లి దగ్గరనుంచి ఎత్తుకొచ్చింది మనం. మన గడప తప్ప మరో దిక్కు లేకుండా చేసింది మనం. ఆ దిక్కులేనితనానికి మనమే జవాబుదారులం. (పాపం, బైబులులో కూడా పిల్లికి పెద్దపీట లేదు. తోబియా వెంట కుక్క ప్రయాణం చేసింది. పిల్లి మాత్రం బారూకు గ్రంథం 6వ అధ్యాయంలో ఒక్కచోట, అదీ బబులోను విగ్రహాల మీద కూర్చోవడానికి కనబడుతుంది!)

మరుసటి వారం ఆ రైతును పశువుల డాక్టరు దగ్గరకు పంపాను. చాప తడపడం పొగరు కాదట. వయసు మళ్ళిన పిల్లులకు మూత్రపిండాలు చెడడం మామూలు. అప్పుడు నీళ్ళు ఎక్కువ తాగుతాయి, ఎక్కువ పోస్తాయి. కీళ్ళనొప్పులతో ఎత్తు గోడ దూకలేవు. అంచు తక్కువగా ఉన్న పళ్ళెంలో ఇసుక పోసి పక్కనే పెడితే చాలా ఇళ్ళలో తగువు తీరుతుంది. గోళ్ళు అరగక మడిచిన పాదంలోకే గుచ్చుకుంటాయి కనుక కత్తిరించాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టరాదు. పాలు చాలా పిల్లులకు అరగవు. జాలిపడి మన పారాసిటమాల్ బిళ్ళ వేశారో, అది విషం. ఒక్కటి చాలు.

అయితే హద్దు కూడా ఉంది. మనుషుల కష్టాలు తీర్చడానికి ముందుగా వెచ్చించవలసిన డబ్బును జంతువులపై ఖర్చు చేయడం తగదని అదే సత్యోపదేశం 2418వ పేరాలో హెచ్చరిస్తుంది. పొరుగింటి పిల్లవాడికి పిడికెడు అన్నం పెట్టనివాడు పిల్లిని పట్టుపరుపు మీద పడుకోబెడితే నేను మెచ్చుకోను. మరి, నొప్పి తగ్గే దారి లేనప్పుడు ఇంజెక్షనుతో కన్నుమూయించవచ్చా? ఇక్కడ నేను పిల్లిని మనిషితో సమానం చేయను. జంతువును అనవసరంగా చంపడమే తప్పు అని శ్రీసభ అంటుంది. మనిషి తన బాధకు ఒక అర్థం వెదుక్కోగలడు, దానిని అర్పించగలడు. పిల్లికి తెలిసేది నొప్పి ఒక్కటే. కాబట్టి డాక్టరు నిజాయితీగా "ఇక లాభంలేదు" అన్న రోజున ఆ ఇంజెక్షనును నేను పాపమనను. కాని చాప తడిసిన రోజు ఆ రోజు కాదు.

ఇంకొక్క మాట చెప్పాలి. అతను "తిండి దండగ" అనడం ఆ గుడిముందర మొదటిసారి కాదట. ఇంట్లో రోజూ అంటూనే ఉన్నాడు. వసారాలో మంచం మీద ఎనభై దాటిన తల్లి ఉంది. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి.

మొన్న ఆ ఇంటికి వెళ్ళాను. పిల్లి గోనెసంచి మీదనే పడుకుని ఉంది, సంచిలో కాదు. ముసలమ్మ ఉడికిన చేపముక్కలో ముళ్ళు ఏరుతోంది. కోడలిని పిలవబోయి ఆగి, "కూర్చోండి ఫాదర్‌గారూ, దీని పని అయ్యాకే మీకు కాఫీ" అంది.