రెండవ వైద్యుని అడుగుట అవిశ్వాసమా?



శృంగవరపుకోట చుట్టుప్రక్కల పల్లెలలో తల్లికి ముదిరిన క్యాన్సరని తెలిసినప్పుడు బిడ్డల మనస్సులో ఒక ప్రశ్న పుట్టును: మరియొక వైద్యుని అడుగుట మొదటి వైద్యునికి ద్రోహము, దేవునియందు అవిశ్వాసము కాదా?

కాదు. హిజ్కియా మరణకరమైన రోగములో ఏడ్చి ప్రార్థించెను. దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను (2 రాజులు 20). ప్రార్థనకును మందునకును వైరము లేదు.

విశాఖపట్నము అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ముంబాయి టాటా మెమోరియల్ సెంటరునకు చెందినది. అట్టి చోటికి బయాప్సీ రిపోర్టు, స్లైడులు, స్కానులు వెంట తీసికొని, ఆలస్యము చేయక వెళ్లుడి. "ఈ చికిత్స రోగము కుదుర్చుటకా, బాధ తగ్గించుటకా?" అని సూటిగా అడుగుడి.

అయితే నచ్చిన జవాబు దొరకువరకు పొలము తాకట్టుపెట్టి పదిమంది వైద్యులయొద్దకు తిరుగుట ప్రేమవలె కనబడును గాని, అది మన భయమే. సంగతి దాచక ముందు తల్లిని అడిగితిమా? శరీరము ఆమెది. తల్లిని సన్మానించుట అనగా ఆమె మాట వినుట గదా. ఆమె ఇల్లే కోరినయెడల, నొప్పి తగ్గించు మందు వైద్యుని అడిగి తెచ్చి, మంచము ప్రక్కన కూర్చుండుడి. అదియు వైద్యమే, అదియు విశ్వాసమే.