మా పిల్లగాని లెక్కనే

మన తాతల తరంలో ఊరు దాటి చదువుకోవాలంటే ఒక దారి వారాలు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. డబ్బు అడిగేవాళ్లు కాదు. అయితే ఆ వాకిట్లోకి ఎవరు రావచ్చో కులం ముందే తేల్చేసేది. ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే ఆ విస్తరి. తిన్న కుర్రాడు కూరలు తెచ్చిపెట్టాలి, ఆ ఇల్లాలి ముఖం చూసి రెండోసారి అన్నం అడగాలో వద్దో తేల్చుకోవాలి. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ లాంటివి వచ్చాక కొందరికి ఆ మొహమాటం తప్పింది. గుమ్మం మీద కులం పేరు మాత్రం అక్కడా ఉంది, అది వేరే కథ.

ఇప్పుడు ఆ మొహమాటం వేరే దేశాల పిల్లలది. ఉస్మానియా, ఇఫ్లూ దగ్గర కాబట్టి తార్నాక, హబ్సిగూడ, నాచారం ఇళ్లలో విదేశీ విద్యార్థులు అద్దెకుండటం మనకి కొత్త కాదు. మా వెనక వీధి ఓనరాంటీ మేడమీద సూడాన్ కుర్రాడొకడు ఉంటాడు. "మా పిల్లగాని లెక్కనే చూస్కుంటున్నం" అంటుంది ఆమె. అబద్ధం కాదు. జ్వరమొస్తే జావ కాచి పంపింది. కానీ రాత్రి పదింటికి గేటుకు తాళం. చేపలు వండొద్దు. దోస్తులొస్తే కిందే నిలబడి మాట్లాడాలి. ఎందుకంటే మా పిల్లగాడు కదా! కిరాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటో తారీఖు.

విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు తెలపాలని రూల్ ఉంది. జావకీ తాళానికీ రూలేం లేదు. అవి ప్రేమ ఖాతాలో పోతాయి. అద్దెకున్నవాడు "ఇదేంటి ఆంటీ" అని అడగొచ్చు. కొడుకులాంటివాడు అడిగితే కృతఘ్నుడు.

1888లో లండన్ చేరిన గాంధీ కొన్నాళ్లు ఒక కుటుంబంతో ఉన్నాడు. డబ్బిచ్చే ఉన్నాడు. ఇంటావిడ మంచిదే, శాకాహారికి ఏం వండాలో తెలీక తికమకపడేది. ఆవిడ కూతుళ్లు ఇంకో బ్రెడ్ ముక్క తీసుకోమనేవారు. ఇంకా కావాలని అడగడానికి అతనికి సిగ్గు, దాంతో సగం ఆకలితోనే లేచేవాడు. డబ్బు కట్టినవాడికే అంత సిగ్గయితే, ఉచితంగా తిన్నవాడి సంగతి ఊహించుకోండి. తర్వాత ఖర్చులు లెక్కేసుకుని, ఆ ఇల్లు వదిలి విడిగా గది తీసుకున్నాడు. ఆయన పొదుపు గురించి అందరూ చెప్తారు. నాకైతే అందులో ఆకలేస్తే తినగలిగే స్వేచ్ఛ కూడా కనిపిస్తుంది.

అలాగని అంతా కిరాయి రసీదుగా మారిపోతే బావుంటుందా? ఉప్పల్ మెట్రో దగ్గర పీజీల్లో చూడండి. మంచానికి ఇంత, మూడు పూటల తిండికి ఇంత. ఎవరూ ఎవరికీ కొడుకు కాదు. చేపల గొడవ ఉంటే యాజమాన్యంతో తేల్చుకోవచ్చు. జ్వరమొస్తే మాత్రం పక్క మంచం కుర్రాడు ఆఫీసుకి పోతూ పారాసెటమాల్ షీటు విసిరేసి పోతాడు.

అందుకే నేను ప్రేమని తప్పుపట్టను, దానికి కట్టించుకునే విధేయతనే తప్పుపడతాను. జావ ఇచ్చినందుకు తాళంచెవి అడక్కూడదు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ కుర్రాడు ఒకరోజు "ఈ రోజు మా దోస్తులు పైకొస్తారు ఆంటీ" అని ధైర్యంగా చెప్పి, మర్నాడు కూడా అదే గదిలో, అదే పలకరింపుతో ఉండగలగాలి.