అడ్వాన్సు పుచ్చుకున్న ఇల్లు

ఇల్లు అమ్మడం కష్టమని అందరూ అంటారు. అమ్మడం కాదండీ కష్టం, అమ్మేశాక అదే ఇంట్లో మూడు నెలలు కాపురం ఉండడం.

కాకినాడలో మా నాన్నగారు కట్టించిన ఇంటికి వైశాఖంలో బేరం కుదిరింది. కొనేవాళ్ళు టీచరు దంపతులు. ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. అడ్వాన్సు చెక్కుగా ఇచ్చారు. (స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని 2015 నుంచి నిబంధన. మా వీధిలో ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు.) అగ్రిమెంటు మీద అమ్మ, అన్నయ్య, నేను సంతకాలు పెట్టాం. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమానంగా మూడు వాటాలు. "ఊరికే ఫార్మాలిటీయే. ఓ సంతకం పెట్టి వెళ్ళు" అన్నాడు అన్నయ్య. ఆడపిల్ల సంతకాన్ని ఫార్మాలిటీ అనడం మన ఇళ్ళల్లో మామూలే కనుక నేనూ పట్టించుకోలేదు. ఆషాఢంలో పట్టించుకోవలసి వచ్చింది.

అడ్వాన్సుని మావైపు బజానా అంటారు. మా అమ్మమ్మ సంచకరువు అనేది. సంస్కృతంలో సత్యంకారం అన్న మాట నోళ్ళలో నలిగి నలిగి అలా అయింది. సత్యంకారం అంటే మాటని నిజం చేసేది. బి.ఏ.లో చదివిన తెలుగు ఇన్నేళ్ళకి ఇలా గుర్తొచ్చింది చూడండి.

మాట నిజం కావడానికి మూడు నెలలు గడువు రాసుకున్నాం. వాళ్ళకి బ్యాంకు లోను రావాలి. బ్యాంకు ప్లీడరు గారికి ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. ఒక కాగితంలో మా ఇంటిపేరు ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. దాన్ని సరిచేయించడానికి అన్నయ్య ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు రాస్తే సీరియలవుతుంది. ఈలోగా ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో రిజిస్ట్రేషనేమిటని వాళ్ళ అత్తగారూ, మా అమ్మా ఏకగ్రీవంగా తేల్చేశారు.

జ్యేష్ఠంలో ఒక ముచ్చట జరిగింది. ఎదురింటివాళ్ళ చుట్టం ఒకాయన వచ్చి, నాలుగు లక్షలు ఎక్కువిస్తానన్నాడు. అన్నయ్య ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాడు. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవాళ్ళకి ఇంటి మీద హక్కు రాదనీ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రిజిస్టరయ్యేదాకా ఇల్లు మనదేననీ ఆయన చెప్పారు. అన్నయ్య ముఖం విప్పారింది. "అయితే, వాళ్ళు కోర్టుకెళ్ళి మాట నిలబెట్టించమని అడగొచ్చు. 2018 సవరణ తర్వాత కోర్టులు మామూలుగా అలాగే తీర్పిస్తున్నాయి" అని కూడా అన్నారు. ముఖం ముడుచుకుంది. నాలుగు లక్షలాయన వెళ్ళిపోయాడు. మేం కోర్టుకి భయపడి మానుకున్నామో, మాటకి కట్టుబడి మానుకున్నామో తేల్చుకునే అవసరం ఆ రోజు రాలేదు.

ఆ అవసరం వానతో వచ్చింది.

1996 నవంబరు తుపాను ఆ వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. ఆ రాత్రి మా పడమటి గది గోడ పైభాగం బీటలిచ్చింది. నాన్నగారు మేస్త్రీని పెట్టి బాగుచేయించారు గానీ, అది మొదలు గట్టి వాన పట్టిందంటే మూడో రోజుకి ఆ గోడ చెమరుస్తుంది. నెల తిరిగేసరికి నల్లగా బూజు. వానలు వెళ్ళాక ఎండిపోతుంది. ఏటా చూసేదే కనుక మాకు అది జబ్బులా కనిపించేది కాదు, ఋతువులా కనిపించేది. కొనేవాళ్ళు ఇల్లు చూసింది ఏప్రిల్ ఎండల్లో. గోడ అప్పడంలా ఉంది. మేం చెప్పలేదు. మర్చిపోయామంటే నిజమే. కాకపోతే మనకి వీలైనవే మర్చిపోతాం.

ఆషాఢంలో నేను అమ్మకి సాయంగా వెళ్ళి సామాన్లు సర్దుతున్నాను. ఆ టీచరమ్మ పర్దాలకి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. మా అమ్మని పిన్నిగారూ అంటుంది. టేపు పట్టుకుని గది గదికీ తిరుగుతూ, "ఈ పడమటి గది మా అత్తయ్యగారికి పిన్నిగారూ. బాత్రూము దగ్గర కదా! ఆవిడకి ఆయాసం, రాత్రిళ్ళు లేవాలి" అంది. కాఫీ తాగి వెళ్ళింది. మూడు రోజుల ముసురు తర్వాత గోడ మీద మచ్చ లేచింది.

"రెండు కోటింగులు ప్రైమరు, పైన రంగు. శ్రావణం దాకా ఆగుతుంది" అన్నాడు అన్నయ్య ఫోన్లో. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. కూతురి చదువు ఫీజు కట్టాలి. "వాళ్ళు మేస్త్రీని తెచ్చి చూపించుకున్నారు. బ్యాంకు ఇంజనీరూ చూశాడు. ఇక మనమేం చెప్పేది?" అన్నాడు. "పాత ఇళ్ళకి ఆమాత్రం చెమ్మ ఉండదా?" అంది వదిన. అదీ నిజమే.

నేను ఎనిమిది రోజులు నోరు మెదపలేదు. చెప్పాలని లేక కాదు, చెప్పే హక్కు ఎంతవరకు ఉందో తెలియక. ధర తగ్గితే నాకు పోయేది మూడో వంతు. మిగతా రెండు వంతులూ అమ్మవీ, అన్నయ్యవీ. ఇంకొకళ్ళ డబ్బుతో సత్యవంతురాలిని కావడం బహు సులువు. పైగా ఆ డబ్బు అమ్మ వృద్ధాప్యానికి ఆసరా.

ఆ ఎనిమిది రోజుల్లో నాకు ఒకటి తోచింది. బేరమాడేటప్పుడు కొనేవాళ్ళు ఇంటిని పోలీసుల్లా చూస్తారు. పంపు తిప్పుతారు, తలుపు వేసి తీస్తారు, గోడ తట్టి చూస్తారు. అడ్వాన్సు ఇచ్చిన మర్నాటి నుంచి చూడడం మానేస్తారు. మంచం ఎక్కడ వెయ్యాలో, దేవుడి మందిరం ఏ మూల పెట్టాలో ఆలోచిస్తారు. అప్పటిదాకా వాళ్ళ కళ్ళ మీద ఆధారపడిన బేరం ఆ తర్వాత మన మాట మీద ఆధారపడుతుంది. అంచేత బేరం నాటి మౌనమూ, ఇప్పటి మౌనమూ ఒక్క బరువు కావు. ఆవిడ టేపు పట్టుకుని కొలుస్తుంటే నేను టేపు రెండో కొస పట్టుకున్నాను కదా!

ప్లీడరు గారిని నేను వేరేగా అడిగాను. పాత చట్టం 55వ సెక్షనులో ఉందట. అమ్మేవాళ్ళకి తెలిసీ, కొనేవాళ్ళకి తెలియకా, వాళ్ళు మామూలు శ్రద్ధతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం ఉంటే చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క. ఇంకా విచిత్రం, స్వాధీనం చేసేదాకా ఇంటిని వివేకం గల యజమాని చూసుకున్నట్టు చూసుకోవాలట. రిజిస్ట్రేషను కాకముందే తుపానొచ్చి ఇల్లు కూలినా నష్టం మనదేనట. నాకు ఆ తెల్లదొరల చట్టం మీద గౌరవం కలిగింది. మనది కాబోని వస్తువుని మన వస్తువులా చూసుకోమంటోంది. ఆడపిల్లని పెంచమన్నట్టు.

"మన గోడ పెద్ద లోపమా, చిన్న లోపమా?" అని అడిగాను.

"ఆ గదిలో ఎవరు పడుకుంటారో దాన్నిబట్టి" అన్నారాయన. వెంటనే నవ్వేసి, "ఇది చట్టంలో లేదులెండి" అన్నారు.

అన్నయ్యతో చెప్పాను. తగ్గించేదేదో నా వాటాలో తగ్గించుకోమన్నాను. అది విని వాడికి ఇంకా కోపం వచ్చింది. "అంటే నేను దొంగనా?" అన్నాడు. అమ్మ అంతా విని, "ఆవిడ అత్తగారిది నా వయసే కదుటే?" అంది. కాసేపాగి, "ఆ గదిలో వానాకాలం నేనెప్పుడైనా పడుకున్నానా?" అంది. అన్నయ్య ఇక మాట్లాడలేదు. నేనే టీచరమ్మకి ఫోను చేశాను.

నిజం చెబితే నమ్మకం పెరుగుతుందని మేం నవలల్లో రాస్తాం. పెరగలేదు. ఆవిడ భర్త మర్నాడే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంకేం దాచారో అన్నట్టు ప్రతి గదీ మళ్ళీ తట్టి చూశాడు. కాగితాలన్నీ రెండో ప్లీడరుకి చూపించాడు. చివరికి లక్ష తగ్గించమన్నాడు, తొంభై వేల దగ్గర ఆగింది. అది మూడు వాటాల్లోనూ సమానంగానే పోయింది. అన్నయ్య నా ఒక్కదాని వాటాలో కొయ్యడానికి ఒప్పుకోలేదు. కాని రిజిస్ట్రేషను రోజు దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

శ్రావణంలో రిజిస్ట్రేషనయింది. అమ్మ వేళ్ళు అరిగిపోయి వేలిముద్ర మెషీనుకి అందలేదు. నాలుగోసారికి పడింది. "డబ్బు ముట్టిందా అమ్మా?" అని ఆఫీసరు అడిగితే, "ముట్టింది బాబూ" అని చెప్పడానికి అమ్మకి చాలాసేపు పట్టింది.

రుబ్బురోలు సంగతి చెప్పలేదు కదూ! పెరట్లో నేలలో పాతిన రోలు, అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో పాతించింది. తీసుకెళ్తానంది. భూమిలో పాతుకున్నవన్నీ ఇంటితోపాటే పోతాయని అన్నయ్య చట్టం చెప్పాడు (చట్టం వాడూ నేర్చుకున్నాడు!). తీసుకెళ్ళండి పిన్నిగారూ అని టీచరమ్మే అంది. తవ్వబోతే పగిలేలా ఉందని అమ్మే వద్దంది. సామాన్లు లారీకెక్కిస్తుంటే మాత్రం పొత్రం గోనెసంచిలో చుట్టి పెట్టేసింది. పొత్రం పాతుకుని లేదు కదా మరి!

ఇప్పుడు అది విశాఖపట్నంలో అన్నయ్య ఫ్లాటులో బాల్కనీ తలుపుకి అడ్డంగా ఉంది. మొన్న టీచరమ్మ ఫోను చేసింది. గోడ బాగుచేయించారట, అత్తగారు ఆ గదిలోనే ఉంటున్నారట. "ఆవిడకి రోట్లో రుబ్బిన గారెల పిండే కావాలిట. పొత్రం ఎక్కడ పెట్టారు పిన్నిగారూ? పెరడంతా వెతికాం" అంది.

వచ్చేనెల అన్నయ్య కారులో కాకినాడ వెళ్తున్నాడు. పొత్రం పట్టుకెళ్ళమంటావా అని రెండుసార్లు అడిగాడు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు.